తలనొప్పి మందు నడిపిన పత్రిక

తలనొప్పి లేని ఇల్లు ఉంటుందా చెప్పండి? పిల్లల పరీక్షలప్పుడు ఒక రకం, నెలాఖరులో ఒక రకం, చుట్టాలు వచ్చి వెళ్ళాక ఇంకో రకం. మందుల డబ్బా వెతికితే చాలా ఇళ్ళలో అడుగున ఎక్కడో ఒక చిన్న అమృతాంజనం సీసా దొరుకుతుంది. మూత తీస్తే ఘాటు, నుదుటికి రాస్తే కాస్త మంట, ఆ వెనకే చల్లదనం. మన అమ్మలు రాసుకున్నారు, అమ్మమ్మలు రాసుకున్నారు. మరి ఆ సీసాకి వాళ్ళిచ్చిన డబ్బు ఎక్కడికి వెళ్ళిందో ఎప్పుడైనా ఆలోచించారా?

ఆ డబ్బు ఒక తెలుగు దినపత్రికని నిలబెట్టింది. ఒక సాహిత్య మాసపత్రికని పోషించింది. అచ్చుకు నోచుకోని పాత కావ్యాల్ని పుస్తకాలుగా చేసింది. ఊళ్ళలో గ్రంథాలయాలకు పుస్తకాలు పంపింది. తెలుగువాళ్ళకంటూ ఒక రాష్ట్రం కావాలని తపించినవాళ్ళు కూర్చుని మాట్లాడుకోవడానికి ఒక ఇంటి వాకిలి తెరిచిపెట్టింది. ఇదంతా చేసిన మనిషి కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు.

నేను పొదుపు సంఘాల ఆడవాళ్ళ మధ్య తిరిగేదాన్ని. అప్పడాలు, పచ్చళ్ళు, కుట్టుపని, టిఫిన్ బండి... వాళ్ళవన్నీ చిన్న చిన్న వ్యాపారాలే. నాలుగు డబ్బులు మిగిలితే ఇంట్లో ఆసరా, అంతకు మించి దీనివల్ల లోకానికి ఒరిగేదేముందన్న మాట వాళ్ళ దగ్గర తరచూ వింటుంటాను. అలా విన్నప్పుడల్లా నాకు పంతులుగారి జీవితమే గుర్తొస్తుంది. అందుకే ఈ వారం ఆయన కథ చెబుతున్నాను.

ఉద్యోగం వద్దనుకున్న పట్టభద్రుడు

పంతులుగారు 1867 మే 1న కృష్ణా జిల్లా ఎలకుర్రులో పుట్టారు. మామూలు కుటుంబం. చదువు కొంత ఊళ్ళో, తర్వాత మచిలీపట్నంలో సాగింది. ఆపైన మద్రాసు వెళ్ళి క్రిస్టియన్ కాలేజీలో చేరి, 1891లో పట్టా పుచ్చుకున్నారు.

ఆ రోజుల్లో బీఏ పాసయ్యాడంటే ఊరు ఊరంతా వచ్చి చూసిపోయేది. అలాంటి కుర్రాడి ముందు రెండే దారులుండేవి. ఒకటి సర్కారు కొలువు, రెండోది ప్లీడరీ. బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, ఇంత చదువు చదివి అంగడి పెడతానంటే ఇంట్లో ఎలా ఉంటుందో ఊహించుకోండి. మనలో ఇప్పటికీ ఇంజనీరింగ్ చదివిన కూతురు బేకరీ పెడతానంటే గుండె మీద చెయ్యి వేసుకునే తల్లులున్నారు. ఇది నూటముప్ఫై ఏళ్ళ కిందటి మాట!

పంతులుగారి మీద కందుకూరి వీరేశలింగంగారి రాతల ప్రభావం బాగా ఉంది. సంఘానికి పనికొచ్చే పని చెయ్యాలన్న కోరిక అప్పుడే నాటుకుంది. అయితే ఆయన ఒక విషయం గ్రహించినట్టు నాకు అనిపిస్తుంది. మంచి పని చెయ్యాలంటే మంచి మనసొక్కటే చాలదు, చేతిలో డబ్బు ఆడాలి. అది కూడా ఎవరి దయా లేకుండా ఆడాలి. జీతం కోసం పనిచేసేవాడు దొరగారి మాటకి ఎదురు చెప్పలేడు. జమీందారు ఇచ్చే విరాళం మీద బతికేవాడు జమీందారుకి నచ్చని మాట రాయలేడు.

ఆయన వ్యాపారం నేర్చుకోవడానికి బయల్దేరారు. కొన్నాళ్ళు కలకత్తాలో మందుల వ్యాపారం లోతుపాతులు తెలుసుకున్నారు. తర్వాత బొంబాయి చేరి ఒక కంపెనీలో పనిచేశారు. 1893లో అమృతాంజనం తయారీ మొదలుపెట్టారు. అప్పటికి ఆయనకు ఇరవై ఆరేళ్ళు.

సంగీత కచేరీల్లో ఉచితంగా

ఇక్కడ నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది ఆయన ఎంచుకున్న సరుకు. కర్పూరం, మెంథాల్, నీలగిరి తైలం లాంటివి కలిపిన ఒక లేపనం అది. మన వంటింటి లెక్కలో చూడండి, ఎంత తెలివైన ఎంపికో అర్థమవుతుంది. తలనొప్పి గొప్పవాళ్ళకీ వస్తుంది, బీదవాళ్ళకీ వస్తుంది. ఒకసారి వచ్చి ఊరుకోదు, మళ్ళీ మళ్ళీ వస్తుంది. దానికోసం ఎవరూ డాక్టరు దగ్గరికి పరిగెత్తరు. సీసా చిన్నది కాబట్టి రైల్లో, పోస్టులో ఎంత దూరమైనా పంపొచ్చు. పాలలాగా విరిగిపోదు, పళ్ళలాగా కుళ్ళిపోదు. కిరాణా కొట్టు అరలో నెలల తరబడి కూర్చోగలదు.

సరుకు బాగుంటే సరిపోదు కదా, జనానికి తెలియాలి. అందుకు పంతులుగారు చేసిన పని ఈనాటి వ్యాపార కాలేజీలు పాఠంగా చెప్పుకోదగ్గది. సంగీత సభలకు వెళ్ళి అక్కడికి వచ్చినవాళ్ళకి అమృతాంజనం ఉచితంగా పంచేవారు. గంటల తరబడి సాగే కచేరీలు, కిక్కిరిసిన జనం. తల పట్టేసినప్పుడు చేతికందిన మందుని ఎవరు మరిచిపోతారు? మర్నాడు నలుగురితో చెప్పకుండా ఎవరుంటారు? ఆ నోటా ఈ నోటా పడి మందు పేరు పాకింది. కొద్ది ఏళ్ళలోనే వ్యాపారం పుంజుకుంది. పంతులుగారు ధనవంతులయ్యారు.

ఇంతవరకూ అయితే ఇది ఒక వ్యాపారి గెలుపు కథ మాత్రమే. ఇలాంటివి చాలా ఉన్నాయి. అసలు కథ లాభం వచ్చాక మొదలవుతుంది.

లాభం ఏ దారిన పోవాలి?

చేతిలో డబ్బు నిలిచినవాడు ఏం చేస్తాడు? పొలాలు కొంటాడు, మేడలు కడతాడు, నగలు చేయిస్తాడు, వడ్డీకి తిప్పుతాడు. తప్పేమీ లేదు. పంతులుగారు మాత్రం 1907లో సూరత్ కాంగ్రెస్ సభలకు వెళ్ళారు. మితవాదులు, అతివాదులు విడిపోయిన సభలవి. దేశమంతా ఉడుకుతున్న ఆ సమయంలో తెలుగువాళ్ళకి ఆ సంగతులు వాళ్ళ భాషలో చెప్పే గట్టి పత్రిక లేదన్న లోటు ఆయనకి బాగా తోచింది. మరుసటి ఏడే, 1908 సెప్టెంబరులో, బొంబాయి నుంచి ఆంధ్రపత్రికని వారపత్రికగా మొదలుపెట్టారు.

బొంబాయిలో తెలుగు పత్రికేమిటని మీకు అనిపించవచ్చు. అప్పటికే మన వైపు నుంచి బట్టల మిల్లుల్లోకి, కట్టడం పనుల్లోకి వెళ్ళిన తెలుగువాళ్ళు అక్కడ చాలామంది ఉన్నారు. పైగా పంతులుగారి వ్యాపారం అక్కడే ఉంది. డబ్బు పుట్టేచోటే పత్రికా పుట్టింది. పోస్టులో తెలుగు ఊళ్ళకు చేరేది.

1914లో మకాం మద్రాసుకి మార్చి, ఏప్రిల్ 1 నుంచి ఆంధ్రపత్రికని దినపత్రిక చేశారు. ఆ ఏడాదే మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. రోజూ వార్త తెలుసుకోవాలన్న ఆత్రం జనంలో పెరిగింది. ఊరికి ఒక్క పత్రిక వస్తే ఒకరు చదువుతుంటే పదిమంది చుట్టూ కూర్చుని వినే కాలం అది.

దినపత్రిక నడపడమంటే మాటలు కాదు. రోజూ కాగితం కావాలి, అచ్చు కావాలి, సిబ్బందికి జీతాలు కావాలి. చదువుకున్నవాళ్ళు తక్కువ, చందా కట్టేవాళ్ళు ఇంకా తక్కువ. దానికి తోడు 1910 నాటి ప్రెస్ చట్టం ఒకటి. దాని కింద సర్కారు పత్రికల దగ్గర ధరావతు కట్టించుకోవచ్చు, నచ్చని రాత కనిపిస్తే ఆ ధరావతుని జప్తు చేసుకోవచ్చు. చాలా పత్రికలు అలాగే మూతపడ్డాయి. ఆంధ్రపత్రిక వెనక మాత్రం అమృతాంజనం ఉంది. పత్రిక పద్దులో లోటు వస్తే మందు పద్దు ఆదుకునేది.

ఒక్కసారి ఆలోచించండి. కృష్ణా జిల్లాలో ఒక ఇల్లాలు తల పట్టేసి, పోపుడబ్బాలో దాచుకున్న చిల్లర తీసి సీసా కొంది. ఆమెకి బహుశా చదవడం రాదు. తన చిల్లరలో కొంత, పరాయి పాలనని ప్రశ్నించే ఒక పత్రికకి కాగితం కొంటోందని ఆమెకి తెలియదు. కానీ జరిగింది అదే. ఆ డబ్బుని ఆ దారి పట్టించింది పంతులుగారి ఒక్క నిర్ణయం.

పత్రిక నుంచి పుస్తకానికి

ఆయన అక్కడితో ఆగలేదు. 1924 జనవరిలో భారతి మాసపత్రిక మొదలైంది. చరిత్ర, శాసనాలు, భాష, కవిత్వం, కథ... అన్నిటికీ అందులో చోటుండేది. భారతిలో కథ పడిందంటే రచయితగా ముద్ర పడినట్టేనని తరవాతి తరాలవాళ్ళు కూడా చెప్పుకునేవారు. ఆంధ్రపత్రిక ఉగాది సంచికల కోసం జనం ఎదురు చూసేవాళ్ళు.

1926లో ఆంధ్ర గ్రంథమాల పెట్టారు. తాళపత్రాల్లో మగ్గిపోతున్న పాత కావ్యాల్ని పండితుల చేత పరిష్కరింపజేసి, సామాన్యుడు కొనగలిగే ధరకి అచ్చువేయించడం దాని పని. పాల్కురికి సోమనాథుడి బసవపురాణం వేటూరి ప్రభాకరశాస్త్రిగారి పరిష్కరణతో ఈ గ్రంథమాలలోనే వెలువడింది. పన్నెండో, పదమూడో శతాబ్దాల నాటి మామూలు జనం బతుకు, కుండలు చేసేవాళ్ళు, బట్టలు ఉతికేవాళ్ళు, పేద ఇల్లాళ్ళు కనిపించే పుస్తకం అది. అలాంటి పుస్తకం మన చేతికి రావడంలో తలనొప్పి మందు పాత్ర ఉందంటే విచిత్రంగా లేదూ?

కొమర్రాజు లక్ష్మణరావుగారు తెలుగులో విజ్ఞాన సర్వస్వం తయారుచెయ్యాలని పూనుకుని, పని నడిమధ్యలో ఉండగానే 1923లో కన్నుమూశారు. తెలుగు పిల్లలకి లోకజ్ఞానమంతా తెలుగులో అందాలన్న ఆ కల అక్కడితో ఆగిపోవలసిందే. దాన్ని మళ్ళీ ఎత్తుకుని సంపుటాలు అచ్చు వేయించింది పంతులుగారే. ఊరూరా లేస్తున్న గ్రంథాలయ ఉద్యమానికి పుస్తకాలూ, డబ్బూ ఇస్తూనే ఉన్నారు. అందుకే జనం ఆయన్ని విశ్వదాత అన్నారు, దేశోద్ధారక అన్నారు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1935లో కళాప్రపూర్ణ బిరుదిచ్చి గౌరవించింది.

ఆడవాళ్ళ కోసం ఒక పత్రిక

మద్రాసులో ఇదే దారిన నడిచిన ఇంకొక తెలుగు మందుల వ్యాపారి గురించి కూడా ఇక్కడ చెప్పాలి. కె.ఎన్.కేసరిగారు ఒంగోలు ప్రాంతం నుంచి చిన్నతనంలోనే మద్రాసు చేరి, కష్టపడి చదువుకుని ఆయుర్వేద వైద్యులయ్యారు. ఆడవాళ్ళ నెలసరి ఇబ్బందులకి ఆయన తయారుచేసిన లోధ్ర అనే మందు ఇంటింటికీ తెలిసిన పేరు. ఆడవాళ్ళ వల్ల వచ్చిన డబ్బు ఆడవాళ్ళకే కొంత చేరాలని తలచారో ఏమో, 1928లో గృహలక్ష్మి అనే మహిళల మాసపత్రిక పెట్టారు. కనుపర్తి వరలక్ష్మమ్మగారు శారద లేఖల పేరుతో స్నేహితురాలికి ఉత్తరాలు రాసినట్టుగా చదువు గురించి, పెళ్ళి వయసు గురించి, దేశం గురించి ముచ్చటించింది ఆ పత్రికలోనే. రచయిత్రులకి స్వర్ణకంకణం తొడిగి సన్మానించే ఆనవాయితీ కూడా కేసరిగారు పెట్టారు. వరలక్ష్మమ్మగారు ఆ కంకణం అందుకున్నారు.

ఈ రోజు మనం ఆదరించే మహిళా పేజీలకి అలాంటి పత్రికలు పూర్వీకులు. చెప్పుకోవడానికే సిగ్గుపడే ఇబ్బందికి మందు కొన్న ఆడవాళ్ళు, తమకు తెలియకుండానే తమ మాట వినిపించే ఒక పత్రికని బతికించారు. వ్యాపారం ఎంత చిన్నదైనా దాని లాభం మళ్ళించే చెయ్యి ఎటు తిరిగితే సంఘం అటు ఒక్క అడుగు జరుగుతుందని చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి?

శ్రీబాగ్ ఇంట్లో

పంతులుగారు చందాలిచ్చి దూరంగా కూర్చున్న మనిషి కాదు. ఆంధ్ర రాష్ట్ర కాంగ్రెస్‌కి ఏళ్ళ తరబడి అధ్యక్షులుగా ఉన్నారు. ఉప్పు సత్యాగ్రహం రోజుల్లో జైలుకి వెళ్ళారు. వ్యాపారం చూసుకోవలసిన వయసులో జైల్లో కూర్చుని భగవద్గీత మీద వ్యాఖ్య రాసుకున్నారు.

ప్రత్యేక ఆంధ్ర రాష్ట్రం కోసం కోరిక బలపడుతున్నప్పుడు రాయలసీమ పెద్దలకి ఒక భయం ఉండేది. నీళ్ళూ, చదువులూ, పదవులూ అన్నీ కోస్తా వాళ్ళే పట్టుకుపోతారేమోనన్న భయం. అది తీర్చకుండా రాష్ట్రం అడగడం కుదరదు. 1937 నవంబరు 16న మద్రాసులో పంతులుగారి ఇల్లు శ్రీబాగ్‌లో రెండు ప్రాంతాల నాయకులూ కూర్చుని ఒక అంగీకారానికి వచ్చారు. నదుల నీటి వాడకంలో సీమకి ముందు వరస, విశ్వవిద్యాలయ కేంద్రం, రాజధాని గానీ హైకోర్టు గానీ కోరుకునే హక్కు... అదే శ్రీబాగ్ ఒడంబడిక. రాజధాని ఎక్కడ, హైకోర్టు ఎక్కడ అన్న మాట లేచినప్పుడల్లా ఇప్పటికీ ఆ ఇంటి పేరు వినిపిస్తూనే ఉంటుంది.

ఆ తర్వాత అయిదు నెలలకే, 1938 ఏప్రిల్ 11న, పంతులుగారు కన్నుమూశారు. రాష్ట్రాన్ని ఆయన చూడలేదు. 1952లో పొట్టి శ్రీరాములుగారు ప్రాణాలర్పించింది కూడా అదే మద్రాసులోని మైలాపూరులో. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. మైలాపూరు లజ్ దగ్గర చెట్లతో పచ్చగా ఉండే నాగేశ్వరరావు పార్కుకి పొద్దునే నడకకి వచ్చేవాళ్ళలో ఎంతమందికి ఆ పేరు వెనక ఇంత చరిత్ర ఉందని తెలుసో!

ఒక్క చెయ్యి సరిపోదు

పంతులుగారి తర్వాత ఆయన అల్లుడు శివలెంక శంభుప్రసాద్‌గారు ఆ బాధ్యతలు మోశారు. ఆంధ్రపత్రిక, భారతి చాలా కాలం నడిచాయి. 1991లో రెండూ ఆగిపోయాయి. మందు కంపెనీ మాత్రం నేటికీ ఉంది, ఆడవాళ్ళకి శానిటరీ నాప్కిన్లు కూడా తయారుచేస్తోంది.

ఇక్కడ నాకు ఒక ఆలోచన వస్తుంది. ఒక దాత మీద ఆనుకుని పెరిగిన సంస్థకి ఒక బలం ఉంది, ఒక బలహీనత కూడా ఉంది. సర్కారుకి తల వంచక్కర్లేదు, అది బలం. కానీ దాని వేళ్ళు దాత పెరట్లోనే ఉంటాయి. ఆ చెయ్యి పోయాక, కాలం మారాక, దాని మంచిచెడ్డలు చూసేవాళ్ళు కరువవుతారు. పంతులుగారి ఔదార్యాన్ని మెచ్చుకుంటూనే ఈ సంగతి కూడా గుర్తుపెట్టుకోవాలి. ఒక్కరు వెయ్యి ఇవ్వడం గొప్పే. వెయ్యిమంది తలా ఒక రూపాయి ఇచ్చి, ఆ రూపాయి లెక్క అడగడం అంతకంటే గట్టి పునాది.

మన పొదుపు సంఘాల బలం సరిగ్గా అక్కడే ఉందని నా నమ్మకం. పది, పదిహేనుమంది ఆడవాళ్ళు. అందరికీ పుస్తకంలో పేరుంటుంది, అందరికీ మాట చెల్లుతుంది. పచ్చళ్ళ మీద వచ్చిన లాభంలో నెలకి కొంత బడి పిల్లల పుస్తకాలకి తీసిపెట్టాలా, ఒంటరి ముసలమ్మ మందులకి పెట్టాలా, ఊళ్ళో మూతపడ్డ గ్రంథాలయం తాళం తీయించడానికి పెట్టాలా అని వాళ్ళు కూర్చుని తేల్చుకోవచ్చు. ఇక మీ సంఘం తరవాతి మీటింగులో నెల లెక్కలు చూసేటప్పుడు రాబడి, ఖర్చు, అప్పు అన్న మూడు గళ్ళ పక్కన నాలుగో గడి ఒకటి గీయండి. దానికి ఊరి గడి అని పేరు పెట్టండి. మొదటి నెల అందులో అయిదు రూపాయలే పడినా ఫరవాలేదు. గడి ఖాళీగా ఉండకుండా చూసుకోండి, చాలు.